పట్టు వదలని నట్టు... గుట్టు తెలిసిన ఆటోనగర్

లారీ ఆగితే డ్రైవరుకి నిద్రపట్టదు. అందులో ఉన్నవి మామిడికాయలైతే సరుకు యజమానికీ పట్టదు. అలాంటి వేళ తెలుగునాట తిరిగే లారీలవాళ్లకి ముందుగా గుర్తొచ్చే పేరు విజయవాడ ఆటోనగర్. టన్నుల బరువు లాగే బండిని పిడికెడు నట్టు ఎలా ఆపేస్తుందో, దాన్ని కండబలంతో కాకుండా ఉపాయంతో ఎలా లొంగదీస్తారో చూడాలంటే అక్కడికే వెళ్లాలి.

విజయవాడ అనగానే ఇంద్రకీలాద్రి, కనకదుర్గమ్మ, కృష్ణమ్మ, ప్రకాశం బ్యారేజి... ఎవరికైనా ఇవే గుర్తొస్తాయి. లారీ డ్రైవర్ని అడిగి చూడండి. అమ్మవారికి దణ్నం పెట్టుకున్నాక అతని నోట వచ్చే రెండో పేరు ఆటోనగర్.

ఊరికి తూర్పున, పటమట దాటాక, బందరు రోడ్డుకీ జాతీయ రహదారికీ చేరువలో ఉంటుందీ ప్రాంతం. దగ్గరికి వెళ్తుంటేనే తెలిసిపోతుంది. డీజిలు వాసన, దానివెంటే వెల్డింగు పొగ, ఇంకాస్త లోపలికెళితే తడి పెయింటు ఘాటు. చెవులకైతే పండగే. ఒకపక్క లేతు మిషను సన్నగా కూస్తుంటే ఇంకోపక్క కమాను కట్టల మీద సమ్మెట దెబ్బలు. మధ్యలో అప్పుడే కట్టిన బాడీకి హారను బిగించి మోగించి చూసుకునే కుర్రాళ్లు. మాట వినపడాలంటే అరవాల్సిందే. అందుకేనేమో, ఇక్కడివాళ్లు ఇంట్లో కూడా కాస్త గట్టిగానే మాట్లాడతారని చమత్కారంగా అంటుంటారు.

బెంజి నేర్పిన పాఠం

ఈ ఊరికి లారీలతో ఇంత చుట్టరికం ఎలా కలిసింది? మ్యాపు చూస్తే సగం జవాబు దొరుకుతుంది. చెన్నై నుంచి కోల్‌కతా వెళ్లే రహదారి (అప్పట్లో 5వ నంబరు, ఇప్పుడు 16), హైదరాబాద్ నుంచి మచిలీపట్నం వెళ్లే రహదారి (అప్పట్లో 9, ఇప్పుడు 65) ఇక్కడే కలుస్తాయి. గుంటూరు మిర్చి, నూజివీడు మామిడి, డెల్టా బియ్యం, కొల్లేటి చుట్టుపక్కల చెరువుల చేపలు... అన్నిటికీ చక్రాలు కావాలి. చక్రాలున్నచోట మరమ్మతూ ఉంటుంది.

మిగతా సగం జవాబు ఇనుములో ఉంది. 1954లో టాటా కంపెనీ జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు తయారుచేయడం మొదలుపెట్టింది. ముక్కుమీద మూడు కోణాల నక్షత్రంతో వచ్చిన ఆ లారీల్ని జనం ‘బెంజి’ అన్నారు. 1969లో ఆ ఒప్పందం ముగిసింది, నక్షత్రమూ పోయింది. పేరు మాత్రం పోలేదు. పాతకాలం మేస్త్రీలు ఇప్పటికీ టాటా లారీని బెంజి అనే పిలుస్తారు. బెజవాడ నడిబొడ్డున ఉన్న బెంజ్ సర్కిల్ పేరు వెనక ఉన్నదీ ఈ లారీల కథేనని స్థానికులు చెబుతారు.

లారీలు పెరిగేకొద్దీ ఊళ్లో రోడ్ల పక్కన షెడ్లు పెరిగాయి. వాటన్నిటినీ ఒకచోట చేర్చాలన్న ఆలోచనతో 1960ల్లో రూపుదిద్దుకున్నదే ఈ జవహర్ ఆటోనగర్. ఆసియాలోని పెద్ద ఆటోమొబైల్ వాడల్లో ఒకటిగా దీనికి పేరు. తర్వాత గుంటూరు, విశాఖ, హైదరాబాద్... చాలాచోట్ల ఆటోనగర్లు వెలిశాయి కానీ బెజవాడవాళ్ల దృష్టిలో ఇంటిపేరు లేకుండా ‘ఆటోనగర్’ అంటే ఇదొక్కటే.

పెద్దాసుపత్రిలో గుండెకో డాక్టరు, కంటికో డాక్టరు ఉన్నట్టే ఇక్కడా ఎవరి విద్య వారిది. రేడియేటర్లకి మాట్లు వేసేవాళ్లు రేడియేటర్లే చూస్తారు. కమాను కట్టలవాళ్లు గేరుబాక్సు జోలికి వెళ్లరు. డీజిలు పంపులకి వేరే గది, తలుపులు మూసుకుని, దుమ్ము పడకుండా. బాడీలు కట్టేవాళ్లు, టింకరింగు చేసేవాళ్లు, సీట్లు కుట్టేవాళ్లు, పట్టాలు కుట్టేవాళ్లు, వెనక తలుపుమీద నెమళ్లూ తామరలూ గీసేవాళ్లు... చాసిస్‌గా లోపలికొచ్చిన బండి పెళ్లికూతురిలా ముస్తాబై బయటికెళుతుంది.

వేసవి వస్తే పరీక్షే

కొత్తబండి ముస్తాబు చూడ్డానికి బాగుంటుంది. ఆటోనగర్ అసలు సత్తా తెలిసేది మాత్రం ఆగిన బండి దగ్గర. అందులోనూ మే నెలలో. ‘బెజవాడ కాదు... బ్లేజ్‌వాడ’ అని జోకులేసుకునే ఎండల్లో మనుషులకే కాదు, ఇంజిన్లకీ వడదెబ్బ తగులుతుంది.

డీజిలు మండితే పుట్టే శక్తిలో కొంత భాగం వేడిగా మారి ఇంజిను చుట్టూ తిరిగే నీళ్లలోకి చేరుతుంది. ఆ వేడి నీళ్లని రేడియేటరుకి పంపి, చల్లారాక మళ్లీ ఇంజిన్లోకి తోసేది వాటర్ పంపు. రేడియేటర్లోంచి గాలి లాగేది ఫ్యాను. చాలా బళ్లలో ఫ్యాను వాటర్ పంపు ఇరుసు మీదే కూర్చుంటుంది. రెంటినీ ఒకే బెల్టు తిప్పుతుంది. పంపు లోపలి సీలు అరిగితే కింద ఉన్న చిన్న రంధ్రంలోంచి నీటిచుక్కలు కారతాయి. అదే మొదటి హెచ్చరిక. పట్టించుకోకపోతే నీళ్లు తగ్గుతాయి, ముల్లు ఎర్రగీత మీదికెళుతుంది, చివరికి ఇంజిను హెడ్డుకే ఎసరొస్తుంది.

ఒక మే నెల సాయంత్రం ఆటోనగర్ షెడ్డు ముందు ఆగిన ఆరు చక్రాల లారీది అదే పరిస్థితి. విజయవాడ శివారులోని నున్న మామిడి మార్కెట్‌లో బంగినపల్లి కాయలు నింపుకుని నాగపూర్ వైపు బయల్దేరాల్సిన బండి. గడ్డి పరిచి, పెట్టెలు పేర్చి, పట్టా కట్టేశాక క్లీనరు కుర్రాడు కింద తడి చూశాడు. ముందు వర్షపు నీళ్లనుకున్నాడట! మే నెలలో వర్షమేమిటని డ్రైవరు వంగి చూస్తే పంపు కారుతోంది. పది పదిహేను కిలోమీటర్లు ఆగుతూ, నీళ్లు పోస్తూ ఎలాగో తీసుకొచ్చాడు.

మామిడికాయకి రిపేరు సంగతి తెలియదు. చెట్టు నుంచి కోసిన క్షణం నుంచి అది తన పని తాను చేసుకుపోతుంది. పట్టాకింద వేడి పెరిగేకొద్దీ పండే వేగమూ పెరుగుతుంది. రాత్రికి రాత్రి రోడ్డెక్కితే అది సరుకు. రెండు రోజులు షెడ్డులో ఉంటే పైవరస మెత్తబడుతుంది, కిందివరస నలుగుతుంది. అక్కడి మండీలో ధర కోస్తారు. ఆ కోత చివరికి కిరాయి దగ్గరో, రైతు దగ్గరో తేలుతుంది. డ్రైవరు ఫోను ఐదు నిమిషాలకోసారి మోగుతున్నది అందుకే.

చేతికి అందదు... మాట వినదు

కొత్త పంపు కొట్లో దొరికింది. సమస్య అది కాదు. పాత పంపు ఊడాలంటే ముందు దానిమీదున్న ఫ్యాను ఊడాలి. ఫ్యాను ఊడాలంటే దానివెనకున్న ఫ్యాను క్లచ్చి ఊడాలి. కొన్ని బళ్లలో దీన్ని నాలుగు బోల్టులతో బిగిస్తారు. ఆ బండిలో అలా కాదు. ఒకే ఒక్క పెద్ద నట్టు, నేరుగా పంపు ఇరుసు మరల మీదికి ఎక్కి కూర్చుంది.

ఇంతకీ ఈ ఫ్యాను క్లచ్చి ఏం చేస్తుంది? పూర్వం లారీల్లో ఫ్యాను ఇరుసుకి గట్టిగా బిగించి ఉండేది. ఇంజిను ఎంత వేగంగా తిరిగితే అదీ అంత వేగంగా తిరిగేది. చల్లటి తెల్లవారుజామున కూడా హోరుమంటూ అనవసరంగా డీజిలు తాగేది. క్లచ్చి వచ్చాక ఆ దుబారా తగ్గింది. దాని పొట్టలో చిక్కటి సిలికాన్ నూనె ఉంటుంది. ముందు భాగంలో రెండు లోహాలు అతికిన చిన్న చుట్ట ఉంటుంది. రేడియేటరు నుంచి వచ్చే గాలి వేడెక్కితే ఆ చుట్ట మెలితిరిగి లోపలి దారి తెరుస్తుంది. నూనె గాడుల్లోకి చేరి ఇరుసునీ ఫ్యానునీ కలిపి పట్టుకుంటుంది. వేడి తగ్గితే పట్టు వదులుతుంది. తీగ లేదు, స్విచ్చి లేదు. అయినా ఎప్పుడు తిరగాలో దానికి తెలుసు!

తెలివైన ఆ క్లచ్చిని పట్టి ఉంచే నట్టు మాత్రం మహా మొండిది. ఎందుకంటే...

ఒకటి, చోటు లేదు. ముందు రేడియేటరు, చుట్టూ ఫ్యాను తొడుగు, వెనక పుల్లీ. మామూలు పానా దూరనే దూరదు. రెండు, పట్టు లేదు. నట్టు తిప్పితే దాంతోపాటు పుల్లీ కూడా తిరిగిపోతుంది. దాన్ని ఆపేది బెల్టు బిగువొక్కటే. మూడు, ఏళ్ల తరబడి వేడికీ నీటికీ పట్టిన తుప్పు. వీటన్నిటినీ మించింది నాలుగోది... దిక్కు.

‘ఫ్యాను ఎటు తిరుగుద్దిరా?’

షెడ్డులో కుర్రాడు అప్పటికి ముప్పావుగంట నుంచి కుస్తీ పడుతున్నాడు. కిరసనాయిలు పోశాడు. తుప్పు వదిలించే నూనె కొట్టాడు. పానాకి పైపు తొడిగి వేలాడాడు. పుల్లీ జారింది, బెల్టు కీచుమంది, నట్టు మాత్రం వెంట్రుకవాసి కదల్లేదు. ‘గ్యాస్ పెట్టి కాలుద్దామన్నా’ అన్నాడు ఇంకొకడు. సరిగ్గా అప్పుడే టీ గ్లాసు పక్కనపెట్టి లేచాడు పెద్ద మేస్త్రీ.

‘మంట వద్దు. క్లచ్చి అల్యూమినియంరా, లోపల నూనె ఉంది. ముందు ఇది చెప్పు. ఫ్యాను ఎటు తిరుగుద్ది?’

కుర్రాడు బిక్కమొహం వేశాడు. మేస్త్రీ అందర్నీ దూరంగా జరగమని, సెల్ఫు ఒక్క క్షణం కొట్టమని డ్రైవరుకి సైగ చేశాడు. ఎదురుగా నిలబడి చూస్తే ఫ్యాను గడియారం ముల్లు తిరిగిన వైపే కదిలింది.

‘చూశావా? నువ్వు ఇందాకట్నుంచీ విప్పట్లేదు. బిగిస్తున్నావు!’

ఇదే ఆ నట్టు గుట్టు. ఇరుసు ఒక వైపు పరుగెడుతుంటే బరువైన ఫ్యాను దాన్ని వెనక్కి లాగుతుంటుంది. ఆ లాగుడుకి నట్టు ఊడిపోకుండా, అంతకంతకూ బిగిసేలా మరలు కోస్తారు. కాబట్టి ఫ్యాను గడియారం దిక్కున తిరిగే బళ్లలో ఎడమ మరలు. అంటే మామూలు నట్టు బిగించే వైపు తిప్పితేనే ఇది ఊడుతుంది. బెల్టు వెనకవైపు తగిలి పంపు ఎదురు దిక్కున తిరిగే బళ్లలో మామూలు మరలే. ఏ బండికి ఏ మరో బట్టీ పట్టక్కర్లేదు. మేస్త్రీ చెప్పే సూత్రం ఒక్కటే... ‘ఫ్యాను పరుగెత్తే దిక్కుకే నట్టు తిప్పు. ఊడుద్ది.’

తర్వాతిదంతా చకచకా జరిగిపోయింది. తొడుగు బోల్టులు విప్పి వెనక్కి జరిపారు. జారిన ఫ్యాను రెక్క తగిలి రేడియేటరు చిల్లిపడకుండా మధ్యలో దళసరి అట్టముక్క దూర్చారు. మేస్త్రీ పెట్టెలోంచి రెండు వస్తువులు బయటికొచ్చాయి. ఒకటి, రెండు కన్నాలున్న ఇనుప పట్టీ. పక్కవీధిలో కోయించుకున్నదే. పుల్లీ మీది బోల్టు తలలకి తగిలిస్తే పుల్లీ ఇక కదల్లేదు. రెండోది, ఇరుకులో దూరేలా సాన పట్టి పలచన చేసిన పానా. ఏ కంపెనీ క్యాటలాగులోనూ కనిపించనిది.

పానా పెట్టాడు. కొస మీద సుత్తితో టక్కున కొట్టాడు. లాగలేదు, వేలాడలేదు. కొట్టాడంతే. నిదానంగా లాగితే బలమంతా బెల్టు జారడానికే సరిపోతుంది. చురుగ్గా పడే దెబ్బకి పుల్లీ కదిలే వ్యవధి ఉండదు. ఆ అదురు నేరుగా తుప్పు మీదికెళుతుంది. రెండు దెబ్బలు ఖంగుమన్నాయి. మూడోది మోగలేదు. ‘టప్’మని మొద్దుగా వినిపించింది. సుత్తి పక్కన పడేశాడు మేస్త్రీ. ఆ తేడా ఆయన చెవికి తెలుసు. మిగతా చుట్లన్నీ చేత్తోనే తిరిగాయి.

డ్రైవరు ఫోను మళ్లీ మోగింది. ఈసారి అతనే ముందు చెప్పాడు... ‘ఊడిందండీ!’

అరగంటలో ఆగని జాగ్రత్త

ఊడదీయడం సగం పనే. క్లచ్చిని పడుకోబెట్టకుండా, లోపలి నూనె కారకుండా నిలబెట్టి ఉంచారు. ఫ్యాను రెక్కల్ని ఒక్కొక్కటే వేలితో తడిమి చూశారు. వెంట్రుకంత పగులు కనిపించినా ఆ ఫ్యాను మళ్లీ ఎక్కించకూడదు. తిరిగే వేగానికి ఊడిన రెక్క కత్తితో సమానం. కొత్త పంపుకి ప్యాకింగు వేసి బిగించాక, నట్టు మరలకి కాస్త గ్రీజు రాసి మొదటి చుట్లు చేత్తోనే ఎక్కించారు. అతిగా బిగించలేదు. ఎందుకంటే మిగతా బిగింపు రోడ్డుమీద ఫ్యానే చూసుకుంటుంది.

రేడియేటర్లో కుళాయి నీళ్లు పోయబోయిన క్లీనర్ని మేస్త్రీ ఆపాడు. బోరు నీళ్లలో ఉండే సున్నం టీ గిన్నెలో పేరుకున్నట్టే ఇంజిను దారుల్లోనూ పేరుకుంటుంది. తుప్పు పట్టనివ్వని కూలెంటు, సున్నం లేని డిస్టిల్డ్ వాటర్ కలిపి పోయాలి. ఇది లారీలకే కాదు, ఇంట్లో కారున్న ప్రతివాళ్లకీ పనికొచ్చే మాట. బండి కింద తడి కనిపిస్తే తుడిచి ఊరుకోవద్దు. ముల్లు ఎర్రగీత వైపు వెళ్తే పక్కన ఆపి ఇంజిను కట్టేయాలి. వేడిమీద ఉన్న రేడియేటరు మూత ఎట్టి పరిస్థితుల్లోనూ తెరవొద్దు. ఆవిరితో ఎగిసిపడే నీళ్లు మొహాన్ని కాల్చేస్తాయి.

ఈ విద్య రేపెవరికి?

ఆటోనగర్ మేస్త్రీల్లో పాతతరం చాలామంది చదువుకుని రాలేదు. చిన్నప్పుడే షెడ్డులో చేరి, పానాలు అందించి, బేరింగులు కడిగి, తిట్లు తిని నేర్చుకున్నవాళ్లే. ఇప్పుడలా చేరే వీల్లేదు, చేరకూడదు కూడా. 2016లో సవరించిన చట్టం ప్రకారం 14 ఏళ్లలోపు పిల్లల్ని ఇలా పనిలో పెట్టుకోకూడదు. బడికెళ్లాల్సిన వయసులో నల్లనూనెలో చేతులు ముంచిన రోజులు తమ పిల్లలకి రాకూడదని మేస్త్రీలూ కోరుకుంటారు. కోరుకున్నట్టే పిల్లలు చదువుకుని వేరే ఉద్యోగాలకి వెళ్తున్నారు. సంతోషమే. కానీ ఆ సాన పట్టిన పానా ఎవరి చేతికివ్వాలన్నది అలాగే మిగిలిపోతోంది.

మరోపక్క బళ్లు మారిపోతున్నాయి. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 నిబంధనలు వచ్చాక ఇంజిను నిండా సెన్సర్లే. కొన్ని బళ్లలో ఫ్యాను క్లచ్చికి తీగ కూడా వచ్చింది. ఎప్పుడు తిరగాలో కంప్యూటరు చెబుతుంది. 2025 నుంచి తయారయ్యే మధ్యరకం, భారీ లారీల క్యాబిన్లకి ఏసీ తప్పనిసరి. డ్రైవరుకి చల్లదనమే, రేడియేటరు ముందున్న ఏసీ వేడి మాత్రం మళ్లీ ఆ ఫ్యాను నెత్తినే. లోపమెక్కడుందో ల్యాప్‌టాప్ చెబుతోంది నిజమే. చెప్పాక నట్టు విప్పాల్సింది మాత్రం ఇప్పటికీ చెయ్యే.

అందుకే ఐటీఐలో డీజిల్ మెకానిక్ చదివొచ్చిన కుర్రాళ్లని చేర్చుకునే షెడ్లున్నాయి. వాళ్లకి బొమ్మగీసి చెప్పడం వచ్చు, తెరమీద వచ్చే కోడు చదవడం వచ్చు. మేస్త్రీకి దెబ్బ శబ్దం చదవడం వచ్చు. ఇద్దరూ ఒక బానెట్టు మీద వంగితేనే పని. ఆ సాయంత్రం బిక్కమొహం వేసిన కుర్రాడూ ఐటీఐ చదివినవాడే. ఎడమ మరల గురించి తరగతిలో విన్నాడు. అది ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు ఎదురవుతుందో మాత్రం ఆ రోజే చూశాడు.

రాత్రి తొమ్మిదిన్నరకి ఇంజిను నడిపించి చూశారు. కింద చుక్క లేదు. ముల్లు మధ్యలో నిలబడింది. కాసేపటికి క్లచ్చి పట్టు అందుకుని ఫ్యాను హోరు పెరిగింది. మేస్త్రీ తలూపాడు. డ్రైవరు డబ్బులిచ్చి, ‘వస్తానండీ మేస్త్రీ గారూ’ అంటూ క్యాబిన్ ఎక్కబోయాడు.

‘ఒక్క నిమిషం ఆగు బాబాయ్’ అన్నాడు మేస్త్రీ. కుర్రాడి చేతికి పెయింటు డబ్బా ఇచ్చాడు. కుర్రాడు ఫ్యాను తొడుగు పైన, అందరికీ కనపడేలా తెల్లటి బాణం గుర్తు ఒకటి గీశాడు. నట్టు ఎటు తిప్పితే ఊడుతుందో చెప్పే గుర్తది. నాలుగేళ్ల తర్వాత ఈ పంపు నాగపూర్‌లో పాడవ్వొచ్చు, ఇంకెక్కడైనా పాడవ్వొచ్చు. అక్కడ విప్పేవాడికి తెలుగు రాకపోవచ్చు. బాణం చదవడానికి ఏ భాషయితేనేం?